నలభై ఒకటో కిలోమీటరు గాజుదారం

నేను ఒక గాజుదారాన్ని. లావు మీ తలవెంట్రుకంత. పొడవు నలభై ఎనిమిది కిలోమీటర్లు. ఏడేళ్లపాటు మట్టిలో మీటరు లోతున పడుకుని, నా మీద నడిచిన ప్రతి కాలినీ, దిగిన ప్రతి గడ్డపారనీ పసిగట్టాను. ఒకరోజు పట్టపగలు నా పక్కనే ఒక మనిషిని బతికుండగా పూడ్చబోయారు. ఆ మనిషి పేరు యోనా. నన్ను కాపాడటమే ఆయన ఉద్యోగం. నన్ను విరిచిందీ ఆయనే.

మొదటినుంచీ చెబుతాను.

నేను పుట్టడమే హింసలో పుట్టాను. ఏడంతస్తుల ఎత్తున్న కొలిమి మీద ఒక గాజుకడ్డీని వేలాడదీసి రెండువేల డిగ్రీల సెగ పెట్టారు. కడ్డీ కొన కరిగి బొట్టులా కిందికి జారింది. కిందున్నవాళ్లు ఆ బొట్టును పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. నిమిషానికి కిలోమీటరు చొప్పున లాగారు. అంతటితో వదల్లేదు. ప్రతి మీటరునీ రెండు చక్రాల నడుమ బిగించి, తెగుతుందో లేదోనని మళ్లీ లాగి చూశారు. తెగినవి చెత్తబుట్టలో పడ్డాయి. తెగనివాటికి జిగురు పూసి, గొట్టంలో పెట్టి, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు తొడిగి, పెన్సిలంత లావు చేసి చుట్టలకెక్కించారు. మనుషులు దేన్నయినా నమ్మాలంటే ముందు దాన్ని హింసించి చూస్తారని నాకు ఆనాడే అర్థమైంది.

నన్ను భూమిలో పెట్టినవాడి పేరు గండి వరహాలు. గోతుల మేస్త్రి. సముద్రం ఒడ్డునుంచి పెట్రోలు మోసుకొచ్చే పెద్ద పైపు పక్కన, జానెడు దూరంలో, నాకోసం గొయ్యి తవ్వించాడు. నలభైమంది కూలీలు నన్ను భుజాల మీద మోస్తుంటే పక్కనే నడుస్తూ కేకలేశాడు.

"పసిగుడ్డు నెత్తినట్టు ఎత్తండ్రా. సాగదీస్తే ఓర్సుకుంటాది గానీ, మడత పడితే మాత్రం సచ్చిపోద్ది."

ఆ నలభైమందిలో యోనా ఒకడు. ఏనుగుమెట్ట కింది పేటలో ఉంటాడు. అప్పటికి నలభై అయిదేళ్లు. పని అయిపోయాక కంపెనీవాళ్లు ఆయన్ని లైను కాపలాకు తీసుకున్నారు. రోజూ పైపు దారి వెంట పన్నెండు కిలోమీటర్లు నడవడం, ఎవడైనా తవ్వుతున్నాడేమో చూడటం ఆయన పని. వరహాలును ఎవరూ ఏ పనికీ తీసుకోలేదు. గొయ్యి పూడ్చిన రోజే మేస్త్రి అవసరం కూడా పూడుకుపోయింది.

నేనేం చేస్తానో చెప్పకపోతే తరువాతి కథ మీకు అందదు.

నా మొదటి కొస కంట్రోల్ రూములో ఒక పెట్టెకు తగిలించి ఉంటుంది. ఆ పెట్టె సెకనుకు రెండువేలసార్లు నాలోకి వెలుగును చిటికె వేసినట్టు విసురుతుంది. ఎంత శుద్ధి చేసిన గాజులోనైనా కంటికి ఆనని గరుకులు మిగిలిపోతాయి. వెలుగు వాటికి తగిలి, దారి పొడుగునా, రవ్వంత వెనక్కి చిందుతుంది. ఆ చిందు ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో చూస్తే ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది. కిలోమీటరు పోయి రావడానికి వెలుగుకు సెకనులో లక్షో వంతు చాలు. ఇక నేల మీద ఎవరైనా అడుగేశారనుకోండి, మట్టి అదురుతుంది, మట్టితోపాటు నేనూ సాగుతాను. వెంట్రుకను లక్ష చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత. ఆ పాటి సాగుడుకే చిందిన వెలుగు అల గతి తప్పుతుంది. పెట్టె ఆ తప్పును పట్టుకుని తెర మీద గీత గీస్తుంది. నిలబడి తవ్వేవాడు నిలువుగీత. నడిచేవాడు ఏటవాలు గీత. వేగంగా పోయే బండిది పడుకున్న గీత.

పైపు మీద చెయ్యేసేవాడు నాకు తెలియకుండా వెయ్యలేడు. కనీసం నన్ను కొనుక్కున్నవాళ్లు అలా అనుకున్నారు.

ఆ తెర ముందు పగటి డ్యూటీలో కూర్చునే అమ్మాయి పేరు మస్తానమ్మ. నంద్యాల పిల్ల, దూదేకులవాళ్లమ్మాయి, పాలిటెక్నిక్ చదివి ఈ ఊరుగాని ఊరు వచ్చింది. యోనాను ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ ఆయన నడక ఆమెకు కంఠతా వచ్చు. కుడికాలు బరువుగా, ఎడమకాలు తేలిగ్గా, ప్రతి పదో అడుగుకూ కర్ర తాటింపు. మామూలుగా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసి, నడక పట్టించుకోరు. వీళ్లది తిరగబడిన పరిచయం.

ఏనుగుమెట్ట నీడలో ఫోన్లు పలకవు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. అలారం వచ్చిన చోటికి వెళ్లిన కాపలావాడు దగ్గరున్న కిలోమీటరు రాయి పక్కన కర్రతో నేల మీద మూడు దెబ్బలు వేస్తాడు. అంటే, వచ్చాను, చూశాను, ఏమీ లేదు అని. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. నన్ను పాతిన కొత్తలో ఏ రాయి నా పొడవులో ఎక్కడ పడుతుందో ఇంజనీర్లు గుర్తు పెట్టుకోవాలి గదా. అప్పుడు ప్రతి రాయి దగ్గరా దిమ్మిసతో మూడేసి దెబ్బలు వేయించారు. ఆ దిమ్మిస వేసింది వరహాలే.

మెట్ట దాటి ఫోను పలికే చోటికి రాగానే యోనా మస్తానమ్మకు ఫోను చేసేవాడు.

"పాపా, మూడు కొట్టినాను. ఒచ్చిందా?"

"వచ్చింది చిన్నాయనా. మూడోది మెత్తగా పడింది. అన్నం తినలేదా ఏంది?"

"తిన్నాను గానీ కూరే బాగోలేదు."

ఇంతే వాళ్ల మాటలు. ఏడేళ్లలో ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నది నాకు గుర్తులేదు.

నలభయ్యో రాయి వైపునుంచి వస్తే, నలభై ఒకటో రాయి ఇంకా వంద గజాలుందనగా దారి పక్కన నూకాలమ్మ రాయి ఉంది. పసుపు పూసి, బొట్లు పెట్టి ఉంటుంది. ఆ దారిన పోయే ప్రతివాడూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పదడుగులు వట్టికాళ్లతో నడిచి, అమ్మవారు వెనకబడ్డాక మళ్లీ తొడుక్కుంటాడు. ఎంత తొందరలో ఉన్నవాడైనా సరే. తెర మీద ఆ పదడుగులూ మసకగా, మెత్తగా పడతాయి. యోనావి మాత్రం పడవు. ఆయన బాప్తిస్మం తీసుకున్నవాడు. జాతరనాడు పులిహోర పెడితే తింటాడు, అమ్మవారిమీద ఆయనకేమీ కోపం లేదు, కానీ బూట్లు విప్పడు. ఇది మస్తానమ్మకు తెలుసు. ఇంకెవరూ పట్టించుకోలేదు.

వరహాలు ఏడేళ్ల తరువాత తిరిగొచ్చాడు. నలభై ఒకటో రాయి అవతల, పైపును ఆనుకుని ఉన్న జీడితోటను కౌలుకు తీసుకున్నాడు. బోరు వేయించుకుంటానని కాగితం పెట్టాడు. పైపుకు అరవై మీటర్ల దూరంలో వేస్తే అభ్యంతరం లేదని కంపెనీ ఒప్పుకుంది. బోరు బండి పని మొదలుపెడితే ఇటు మూడువందల మీటర్లు, అటు మూడువందల మీటర్లు తెరంతా తెల్లగా అలుక్కుపోతుంది. నిమిషానికొకసారి అలారం మోగుతుంటే విసుగెత్తి, షిఫ్ట్ ఇన్‌ఛార్జి పరాంకుశం గారు ఆ ముక్కకు మూడు రోజులపాటు అలారం నోరు నొక్కేశారు. వరహాలుకు కావలసిందీ అదే. నన్ను పాతినవాడికి నన్ను చెవిటిదాన్ని చేయడం ఎలాగో తెలియదా?

రెండు రోజులు బోరు హోరెత్తింది. ఆ హోరు చాటున వరహాలు, ఒక ఫిట్టరు, అప్పలసూరి అనే కుర్రకూలీ కలిసి, నరికిన జీడికొమ్మలు అడ్డం పోసుకుని గొయ్యి తవ్వారు. మూడోనాటికి పైపు బయటపడింది. నేనూ బయటపడ్డాను. ఏడేళ్ల తరువాత నా ఒంటికి గాలి తగిలింది. మట్టిలో ఉన్నన్నాళ్లు అదుర్లే తప్ప మాటలు తెలియని ఈ ముక్కకు కూడా మనుషుల గొంతులు స్పష్టంగా వినిపించాయి. వరహాలు నన్ను రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తి, తన ఎర్ర తువ్వాలు చింపి, గొయ్యి గోడకు కొట్టిన మేకుకు మడత పడకుండా కట్టాడు. కేబులు తెగితే కొంప మునిగినట్టేనని మిగతా ఇద్దరికీ పదేపదే చెప్పాడు. పైపుకు ఇనప క్లాంపు బిగించి, దానికి తిప్పితే తెరుచుకునే వాల్వు పెట్టి, గొట్టం తోటలోని పాకలోకి లాగి, గొయ్యి పూడ్చేసి, కావాలన్నప్పుడల్లా పెట్రోలు కాజేయాలి. అదీ ఉపాయం.

మూడోరోజు పన్నెండుంపావుకు బోరువాళ్లు బండి ఆపి అన్నానికి లేచారు. బండి ఆగినా గొయ్యిలో ఉన్నవాళ్ల చెవుల్లో హోరు ఆగలేదు. ఆగిన సంగతి వరహాలు గ్రహించి నోరు మూయమని సైగ చేసేలోపు ఫిట్టరు క్లాంపు మీద ఏడెనిమిది సుత్తిదెబ్బలు వేశాడు.

మస్తానమ్మ టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. తెర మీద, బోరు తెల్లదనం తొలగిన చోట, సన్నగా ఏడెనిమిది చుక్కలు నిలువుగా పడ్డాయి. ఆమె మూత పెట్టేసింది. యోనా అప్పుడు నలభయ్యో రాయి దగ్గర, ఫోను పలికే చోట ఉన్నాడు. ఆమె ఆయనకు చెప్పింది. బోరువాళ్లేమోనని ఆయన అన్నాడు, అయినా వెళ్లి చూస్తానన్నాడు.

ఆయన రావడం నాకు ముందే తెలుసు. కుడికాలు, ఎడమకాలు, పదో అడుగుకు కర్ర. పావుగంటసేపు ఆ అడుగులు దగ్గరపడ్డాయి. ఆయన తోట గట్టుకు చేరేసరికి బోరు మళ్లీ హోరు ఎత్తుకుంది. గొయ్యిలోవాళ్లకు చెప్పే నోరు నాకు లేదు, రావద్దని ఆయనకు చెప్పే నోరూ లేదు.

జీడికొమ్మలు తొలగించి చూసిన యోనా ముందు పైపును చూశాడు, తరువాత మనిషిని చూశాడు.

"మేస్త్రీ. నువ్వా?"

"నానే," అన్నాడు వరహాలు. "ఎనక్కి ఎల్లిపో యోనా. సూడనేదనుకో."

"నిప్పురవ్వ పడితే కింద పేట ఉంటాదా? నా పెళ్లాం ఉంటాదా? ఒదిలెయ్. పైకి రా."

ఆ ఆఖరి మాట పూర్తి కాలేదు. పక్కనుంచి అప్పలసూరి మీదపడ్డాడు. యోనా కర్ర తిప్పి వాడి మూతి మీద ఒక్కటేశాడు. రెండు పళ్లు గొయ్యిలో రాలాయి. రెండో దెబ్బకు కర్ర లేచేసరికి వరహాలు గట్టెక్కి గడ్డపారను అడ్డంగా ఊపి మోకాలు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గాలిలో మీకెలా వినిపిస్తుందో నాకు తెలియదు. నాలోనించి మాత్రం అది ఎండుకట్టె విరిచినట్టు పోయింది. యోనా ఒంటికాలి మీద నిలబడి కర్ర వదల్లేదు. రెండో దెబ్బ కుడి ముంజేతి మీద పడింది. కర్ర జారిపోయింది. ఫిట్టరు వెనకనుంచి స్పానరుతో తల మీద మోదాడు. యోనా తలకిందులుగా గొయ్యిలో, పైపు పక్కన, నా మీద పడ్డాడు.

వరహాలు గొయ్యిలోకి దూకాడు. మనిషి చచ్చాడో బతికాడో చూడలేదు. నన్ను చూశాడు. యోనా భుజాన్ని కాలితో పక్కకు నెట్టి, నా మీద మడత పడిందేమోనని వేళ్లతో పొడుగునా తడిమి చూసుకున్నాడు. పడలేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాడు. ఒక మనిషిని అలా విరగ్గొట్టిన చేతులు నా మీద అంత మృదువుగా పడటం నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఇప్పుడేం చేయాలని ఫిట్టరు అడిగాడు.

"పైపు పక్కనే ఎట్టి కప్పీండి," అన్నాడు వరహాలు. "ఏడేళ్లు దీన్నే కాసేడు గదా."

బోరు హోరు సాగుతూనే ఉంది. వరహాలు అప్పలసూరిని పిలిచాడు. యోనా బూట్లు విప్పించి వాడికి తొడిగాడు. కర్ర చేతికిచ్చాడు. నలభై ఒకటో రాయికి వెనక్కి పోయి మూడు దెబ్బలు వేయమన్నాడు. వేసి, తోట గట్టు మీదుగా బోరు అవతలికి చుట్టు తిరిగిపోయి, అక్కడినుంచి పైపు దారిన నింపాదిగా నడుచుకుంటూ రోడ్డెక్కి బూట్లు పారేయమన్నాడు. కంట్రోల్ రూములో చూసేవాళ్లకు యోనా వచ్చి, చూసి, తన దారిన పోయినట్టే ఉంటుంది.

"పదో అడుగుకి కర్ర తాటించు. ఆడి నడక నాకెరికే."

మనిషి అన్నీ ఆలోచించాడు. అయితే తోట గట్టుకు అడ్డంగా బోరు బురద మడుగు కట్టి ఉంది. మూతినుంచి రక్తం కారుతున్న అప్పలసూరి మూడు దెబ్బలూ సరిగ్గానే వేశాడు గానీ, బురద చూసి మేస్త్రి చెప్పిన చుట్టు దారి మానేసి, రాయి దగ్గరనుంచి వెనక్కి, నలభయ్యో రాయి వైపు నూకాలమ్మ బాటే పట్టాడు. అది హోరుకు వెలుపల, కంట్రోల్ రూముకు తేటగా కనపడే ముక్క. అమ్మవారి దగ్గరికి వచ్చాడు. పావుగంట కింద ఒక మనిషి తల పగలడం చూసినవాడు, ఆ తల్లి ముందునుంచి బూటుకాళ్లతో పోతాడా? ఆగాడు. బూట్లు విప్పాడు. మోకాళ్ల మీద పడ్డాడు. లేచి బూట్లు చేత్తో పట్టుకుని, పదడుగులు వట్టికాళ్లతో నడిచాడు.

కంట్రోల్ రూములో నా కొస మూడు మీటర్లు చుట్టగా గోడకు వేలాడుతుంటుంది. అక్కడి మాటలు నాకు తగులుతాయి.

పరాంకుశం గారు మూడు దెబ్బలు చూసి, ఆ సుత్తి చుక్కల సంగతి ఇక వదిలేయమని చెప్పి, పేపరు తీశారు. మస్తానమ్మ వదల్లేదు. తెరకు మొహం ఆనించి కూర్చుంది.

"సార్, నడిచేది ఆయప్ప కాదు."

"మూడు దెబ్బలు పడ్డాయా లేదా?"

"పడినాయి సార్. కానీ అమ్మవారి కాడ చెప్పులిడిసినాడు."

"ఎండకు కాళ్లు మండి విప్పుంటాడమ్మా."

"ఎండకు ఎవురన్నా చెప్పులిడుస్తారా సార్?"

పరాంకుశం గారు చెడ్డవారు కాదు. తెర మీద పది మసక చుక్కలు చూపించి పోలీసులను పిలిస్తే పైవాళ్లు తనను ఏమంటారోనని ఆయన భయం. ఒక కాపలావాడు చెప్పులు విప్పాడని పెట్రోలు ఆపేశానని రిపోర్టులో ఎలా రాయాలో ఆయనకు తోచలేదు. కాసేపు ఆగుదాం అన్నారు. ఆ కాసేపట్లో మస్తానమ్మ బల్ల కింద ఫోను పెట్టుకుని, నా రెండో కొస దగ్గరున్న వాల్వు స్టేషనుకు మెసేజి కొట్టింది. అక్కడ గస్తీ జీపు నడిపే గోవిందుకు. నా మాట మీద జీపెక్కండన్నా, తరువాత మెమో వస్తే నాకు రానీ, అని. గోవిందు ఇద్దరు గార్డులను ఎక్కించుకుని బయలుదేరాడు. ఏడు కిలోమీటర్ల మట్టిదారి. ఆ తోటలో ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరికీ తెలియదు. బోరు తెల్లదనం కింద ఆరువందల మీటర్లు ఉంది.

గొయ్యిలో మట్టి పడుతోంది.

మొదటి పార మట్టి యోనా కాళ్ల మీద పడింది. నాలుగో పారకు ఆయనకు తెలివి వచ్చింది. కళ్లు తెరవలేదు. తెరిస్తే మళ్లీ గడ్డపార పడుతుందని తెలుసు. కుడిచెయ్యి మాట వినడం లేదు. మట్టి నడుము దాకా వచ్చింది. ఎడమచెయ్యి మెల్లగా పక్కకు పాకింది. ముందు పైపు తగిలింది. క్లాంపు బోల్టు తగిలింది. తరువాత నేను తగిలాను.

ఆ చేతివేళ్లు నా మీద ఆగిపోయాయి. ఏడేళ్లు ఎండలో వానలో నడిచింది నన్నెవరూ ముట్టుకోకుండా చూడటానికి. ఈత గింజంత రాయి నా మీద పడ్డా ఉలిక్కిపడి వచ్చిన మనిషి. మడత పడితే చచ్చిపోతుందని మేస్త్రి అరిచిన రోజున ఆ మాట విన్న నలభైమందిలో ఒకడు.

ఆయన నన్ను తువ్వాలు ముడిలోంచి ఒక్క గుంజు గుంజాడు. తల మెల్లగా తిప్పి నన్ను పళ్లతో పట్టుకున్నాడు. ఎడమచేత్తో నన్ను బోల్టు అంచు మీదుగా వంచాడు. నా తొడుగులో ఊతంగా పెట్టిన గట్టి పుల్ల లొంగలేదు. మెడ విరుచుకుని మొత్తం బరువు వేశాడు. వంపు ఇరుకయ్యేకొద్దీ నాలోని వెలుగు దారి తిరగలేక ఆ మలుపు దగ్గర బయటికి కారిపోవడం మొదలైంది. మీ కంటికి కనపడని వెలుగు అది. గొయ్యి చీకట్లో, ఆయన పెదవుల పక్కన, అది కారుతూనే ఉంది. పుల్ల ఫెళ్లున విరిగింది. దాని వెనకే నేను.

అక్కడినుంచి అవతల ఏడు కిలోమీటర్ల నేను చచ్చిపోయాను.

కంట్రోల్ రూములో మోగిన సైరన్‌ది ఎవరూ నొక్కగలిగే నోరు కాదు. కేబులు తెగితే ఇక ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. పంపులు వాటంతటవే ఆగాలి, వాల్వులు మూతపడాలి, పోలీసులకు ఫోను పోవాలి. తెగిన చోట అద్దం మీద కొట్టినట్టు వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఎంతలో తిరిగొచ్చిందో కొలిస్తే, ఎక్కడ తెగిందో మీటరుతో సహా తేలిపోతుంది. బోరు హోరు దాన్ని చెరపలేదు. పేపరు పారేసి లేచిన పరాంకుశం గారే అంకె పైకి చదివారు. నలభై ఒకటి, మూడువందల పదహారో మీటరు. మస్తానమ్మ అప్పటికే గోవిందుకు ఆ అంకె చెబుతోంది.

జీపు ఎంత దూరంలో ఉందో నాకు తెలియదు. అది వచ్చేవైపు నేను లేను. నాకు తెలిసిందల్లా నా తెగిన కొన ఒక మనిషి ఛాతీ కింద ఇరుక్కుని ఉందని. పైన పార ఆగలేదు. ఒక్కొక్క పారకూ ఛాతీ లేవడం తగ్గింది. బోరువాళ్లు ఎందుకో బండి ఆపారు. ఆ నిశ్శబ్దంలో తెర చివర, గీతలన్నీ ఆగిపోయిన అంచున, సన్నగా ఒక అదురు కొట్టుకోవడం మస్తానమ్మ చూసింది. అది గుండె చప్పుడో, మట్టి సర్దుకుంటున్న చప్పుడో చెప్పడం కష్టం. బతికే ఉన్నాడన్నా, తొందరగా పోండి, అని ఆమె అంటుండగానే, మెట్ట నీడ తగిలి, ఫోను తెగిపోయింది.

గోవిందు తోట కంచెను జీపుతో పడగొట్టుకుని లోపలికి వచ్చాడు. ఫిట్టరు పార వదిలేసి పరిగెత్తాడు. వరహాలు పరిగెత్తలేదు. గడ్డపార పట్టుకుని గొయ్యి ముందు నిలబడి, మొదట దిగిన గార్డు దవడ పగలగొట్టాడు. రెండోవాడి కడుపులోకి పొడవబోతుండగా గోవిందు జాకీ రాడ్డుతో చెయ్యి విరగ్గొట్టాడు. వరహాలు ఎడమచేత్తో గడ్డపార అందుకున్నాడు. అప్పుడు బోరువాళ్లు నలుగురూ వచ్చి మీదపడ్డారు. మూడు రోజులుగా తమ బండి ఏ పాపానికి తెర కట్టిందో వాళ్లకు అప్పటికి అర్థమైంది. ఆ కోపంలో వాళ్లు కొట్టిన దెబ్బలు లెక్కకు రావు. పోలీసులు వచ్చి విడిపించకపోతే గొయ్యి ఇంకొకరికి పనికొచ్చేది.

గొయ్యిలోకి పార దించడానికి ఎవరూ సాహసించలేదు. గోవిందు, బోరువాళ్లలో ఒకాయన చేతులతో మట్టి లాగారు. యోనా నోట్లో మట్టి, పళ్ల మధ్య నా నల్ల తొడుగు ముక్క. దాన్ని నోట్లోంచి తీయడానికి దవడ విడదీయాల్సి వచ్చింది.

ఆయన బతికాడు. కుడికాలు మోకాలు పైదాకా తీసేశారు.

నెల తిరగకుండా కంపెనీనుంచి ఆసుపత్రికి ఒక మెమో వచ్చింది. ఫలానా తేదీన ఫలానా మీటరు దగ్గర కేబులు తెగిపోవడానికి కారణం వారం రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయవలెను. సంతకం పరాంకుశం గారిది. కేబులు తెగిన ప్రతిసారీ ఆ సెక్షను కాపలావాడికి అది దానంతట అదే పోతుందట. మస్తానమ్మ ఆసుపత్రికి ఫోను చేసి, జవాబు తాను ఇంగ్లీషులో రాసిపెడతానంది. ఆయన తెలుగులో చెప్పినట్టే రాయమన్నాడు.

"నానే ఇరిసినాను. ఇరిసినందుకు నా పానముంది. మీరు అతుక్కోండి."

కంపెనీవాళ్లు నన్ను అతికారు. రెండు కొసలూ కరిగించి, కలిపి, మళ్లీ మట్టిలో పెట్టారు. నాలో చాలాభాగం ఇప్పటికీ అక్కడే పడుకుని అడుగులు వింటోంది. విరిగిన రెండు మీటర్లు మాత్రం కోసి, సంచిలో వేసి, లక్క సీలు కొట్టి, సెషన్సు కోర్టు సామాన్ల గదిలో పెట్టారు. ఈ కథ చెబుతున్నది ఆ రెండు మీటర్లే. నా పక్కన గడ్డపార, ఎర్ర తువ్వాలు పీలిక, ఒక జత బూట్లు ఉన్నాయి. ఇంకో కేసువి రెండు కత్తులు, ఒక కుక్కరు ఉన్నాయి.

విచారణలో వరహాలు వకీలు మస్తానమ్మను నిలబెట్టి గంటసేపు కుళ్లబొడిచాడు. మీ తీగకు మనుషుల పేర్లు తెలుసా అన్నాడు. పేర్లు తెలీవు సార్, కాళ్లు తెలుసు, అందామె. అప్పలసూరి బోనెక్కి, తనే బూట్లు తొడుక్కున్నానని, అమ్మవారి ముందు విప్పానని, ఆ తల్లి ముందు చేసిన పని కోర్టులో కాదనలేనని ఏడ్చాడు. వరహాలు తల తిప్పి వాణ్ని చూశాడు. నూకాలమ్మ రాయి సంగతి లెక్కలోకి తీసుకోనందుకు తనను తాను తిట్టుకుంటున్నట్టుంది ఆ చూపు. వరహాలుకు పదేళ్లు పడ్డాయి.

తీర్పుకు ముందు ఒకరోజు నన్ను సంచిలోంచి తీసి బల్ల మీద పరిచారు. సాక్షి ఈ వస్తువును గుర్తించాలన్నారు. యోనా చంకకర్ర మీద వచ్చాడు. కోర్టు గుమాస్తా నన్ను ఎత్తి ఆయన చేతికిచ్చాడు. ఎడమచెయ్యి. నన్ను విరిచిన చెయ్యి. పళ్ల గాట్లు ఉన్న చోట ఆయన బొటనవేలు ఆగింది. అవునండీ, ఇదే, అన్నాడు. గుమాస్తా తిరిగి తీసుకోబోతే కాసేపు ఇవ్వలేదు. నన్ను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. జడ్జిగారు కూడా తొందరపెట్టలేదు.

ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో, ఎంత బరువు వేసిందో, వణికిందో లేదో మీకు చెప్పాలని ఉంది. ఏడేళ్లు ఆయన ప్రతి అడుగునూ కొలిచినదాన్ని. కానీ ఈ రెండు మీటర్లలో ఇప్పుడు వెలుగు లేదు.